టీడీఎస్ ఎంత అని కాదు అడగాల్సింది

భీమవరంలో కొత్తగా దిగిన ఎవరికైనా ముందు కనబడేది నీళ్లే. ఏ వైపు నుంచి వచ్చినా ఓ కాలవ, ఓ చెరువు, మళ్లీ కాలవ, మళ్లీ చెరువు. వరికి నీళ్లు, చేపలకి నీళ్లు, రొయ్యలకి నీళ్లు. ఊళ్లోకి వచ్చాక ఇంకోటి కనబడుతుంది. ఆటోల్లో, ట్రాలీల్లో, బైకుల వెనకాల ఇరవై లీటర్ల టిన్నులు. చుట్టూ ఇన్ని నీళ్లున్న ఊరు తాగడానికి మాత్రం నీళ్లు కొనుక్కుంటోంది. ఇది మనకి ఎంత అలవాటైపోయిందంటే, వింత అని కూడా అనిపించడం లేదు.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఒక నంబర్ కావాలి. ఆ నంబర్ పేరు టీడీఎస్. హాస్టల్‌లో ఎవడో ఒకడి దగ్గర పెన్ను లాంటి మీటర్ ఉంటుంది. గ్లాసులో ముంచుతాడు. 48 వస్తే 'సూపర్ వాటర్ రా', 350 వస్తే 'ఛీ, తాగకు'. అంతే, తీర్పు అయిపోయింది. ఆర్‌ఓ అమ్మే వాళ్లు ఇంటికొచ్చి చేసేదీ ఇదే. పక్కపక్కన రెండు గ్లాసులు పెట్టి రెండు నంబర్లు చూపిస్తారు. అమ్మ భయపడుతుంది, నాన్న డబ్బులు కడతారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ నంబర్ మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. మన ఊరి నీళ్లకి ఉన్న అసలు జబ్బు ఆ మీటర్‌లో కనబడదు. దాన్ని చూసి మనం టిన్నుకి మారిపోయాం కాబట్టి, కుళాయిలో ఏం వస్తోందని అడిగే వాళ్లు తగ్గిపోయారు. అడిగే వాళ్లు లేని చోట ఏదీ బాగుపడదు.

ముందు ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మన జిల్లాల్లో పిల్లలకి కూడా తెలుసు, విగ్రహం లేని ఊరు తక్కువ. ఆ ఆనకట్ట నుంచి, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ నుంచి కాలవలు విడిపోయి సుమారు పది లక్షల ఎకరాలకి నీళ్లిస్తున్నాయి. పశ్చిమ డెల్టా కాలవల్లో దిగువన ఉంటుంది భీమవరం. 2011 లెక్కల ప్రకారం జనాభా లక్షా నలభై వేలు దాటింది. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. మన చెరువులకి వచ్చే నీళ్లు ఈ కాలవల నీళ్లే. వాటిని నిల్వ చేసి, వడగట్టి, క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోకి ఎక్కించి, పైపుల్లో వదులుతారు.

వినడానికి బాగానే ఉంది. కానీ శివారు అనే మాట మన ప్రాంతంలో రైతులకి బాగా తెలుసు. ఎగువన అందరూ వాడుకున్నాక మిగిలింది శివారుకి వస్తుంది. పొలానికైతే నీళ్లు తగ్గుతాయి. తాగే నీళ్లకైతే తగ్గడమే కాదు, దారిలో కలిసేవన్నీ కలుస్తాయి. కాలవ గట్టు మీద ఇళ్లున్నాయి, పశువుల్ని కడిగే రేవులున్నాయి, చెత్త పారబోసే చోట్లున్నాయి. పొలాల మీద కొట్టిన మందులున్నాయి. కొన్నిచోట్ల చెరువులు ఖాళీ చేసినప్పుడు ఆ నీళ్లు డ్రెయిన్‌కి వెళ్లాల్సింది పోయి కాలవలోకి వెళ్తాయి. పేరుకి సాగునీటి కాలవ వేరు, మురుగు డ్రెయిన్ వేరు. యనమదుర్రు డ్రెయిన్ ఊరి మధ్య నుంచే పోతుంది కదా, దాని రంగు, వాసన మీకే తెలుసు. ఎగువ ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసుకొస్తుంది. ఇదీ అదీ ఎప్పుడూ కలవవు అని ధైర్యంగా చెప్పగలిగే వాళ్లని నేనింకా చూడలేదు.

రెండో కష్టం ఎండాకాలం. దాళ్వా అయ్యాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. మళ్లీ వదిలేదాకా ఊరంతా చెరువుల్లో నింపి పెట్టుకున్న నీళ్ల మీదే బతకాలి. నిలవున్న నీళ్లు ఎండకి వేడెక్కుతాయి, పాచి పడతాయి, ఆకుపచ్చగా మారతాయి. పాచి, మట్టి ఎక్కువైతే క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల మీద పనిచేయడానికి మిగిలేది తక్కువ. పోనీ బోరు వేసుకుందామంటే, సముద్రం దగ్గర ప్రాంతం, చాలాచోట్ల తగిలేది ఉప్పునీళ్లే. కాబట్టి వేరే ఊళ్లలా 'కాలవ లేకపోతే బోరు' అనే బ్యాకప్ మనకి లేదు. పాలకొల్లుకి, నరసాపురానికి కూడా ఇంచుమించు ఇదే కథ.

మూడోది పైపు. ఇదే అన్నిటికంటే ముఖ్యం, దీని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు. మనకి కుళాయి రోజంతా రాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు ఆపేశాక ఆ పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లులోంచి బయటి నీళ్లు లోపలికి వస్తాయి. బయట ఉన్నది డ్రైనేజీ కాలవైతే ఆ మురుగే లోపలికి వస్తుంది. దానికి తోడు కొన్ని ఇళ్లలో మోటార్ పెట్టి నేరుగా పైపులోంచే లాగుతారు. అంటే మనమే స్ట్రా వేసి మురుగుని పీలుస్తున్నట్టు. ఫిల్టర్ ప్లాంటులో నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా, ఆఖరి వీధికి వచ్చేసరికి వేరే నీళ్లయిపోవచ్చు. దీనికి కాపలాగా ఉండేది నీళ్లలో మిగిలిన క్లోరిన్ ఒక్కటే. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలై బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు.

ఇప్పుడు మన మీటర్ దగ్గరికి వద్దాం. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగినవాటిని లెక్కపెట్టదు. రెండు చిన్న లోహపు పుల్లల మధ్య కరెంటు ఎంత సులువుగా పోతోందో చూసి, దాన్ని ఒక అంకెతో గుణించి చూపిస్తుంది. ఉప్పు లాంటి లవణాలు కరెంటుని మోస్తాయి కాబట్టి అవి తెలుస్తాయి. మోయనివి తెలియవు. కావాలంటే ఇవాళే రూంలో చేసి చూడండి. గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు వేయండి, నంబర్ ఎగిరిపోతుంది. ఇంకో గ్లాసులో రెండు చెంచాల పంచదార కలపండి, నంబర్ పెద్దగా కదలదు. ఇంకా సరదా కావాలంటే కొబ్బరిబొండం కొట్టించి అందులో ముంచండి, వేలల్లో చూపిస్తుంది. మీటర్ మాట వింటే ఈ లోకంలో కొబ్బరినీళ్లంత చెడ్డ నీళ్లు లేవు!

బ్యాక్టీరియా మీటర్‌కి కనబడదు. పురుగుమందు కనబడదు. సీసం సంగతి చూడండి. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దానికి పదింతలు ఎక్కువ ఉందనుకుందాం, అంటే 0.1. మన చేతిలో ఉన్న మీటర్ చూపించే అతి చిన్న అంకె 1. అంటే ప్రమాదం పదింతలైనా మీటర్ మీద 48 అలాగే 48గా ఉంటుంది. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే, మనం వేరే బగ్ కోసం రాసిన టెస్ట్ రన్ చేసి, పాస్ అయింది కదా అని కోడ్ మొత్తం కరెక్ట్ అంటున్నాం.

పోనీ టీడీఎస్ ఎంతుండాలి? అదే ప్రమాణంలో 500 వరకు మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 వరకు ఒప్పుకోవచ్చు అని ఉంది. గోదావరి కాలవ నీళ్లు సాధారణంగా 500 లోపే ఉంటాయి. అంటే ఏ నంబర్ చూసి మనం భయపడుతున్నామో అది చాలావరకు సమస్యే కాదు. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఉప్పు బోరు నీళ్లకి ఆర్‌ఓ కావాలి, అది ఒప్పుకుంటాను. కాలవ నీళ్లకి కావాల్సింది మాత్రం మంచి వడపోత, సరిపడా క్లోరిన్, చిల్లుల్లేని పైపు.

ఇవి పుస్తకంలో మాటలు కావు. మన పక్క ఊళ్లలో జరిగినవే చూడండి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లు కలుషితమై అతిసారం ప్రబలింది. పదిమందికి పైగా చనిపోయారు. 2020 డిసెంబర్‌లో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఐదు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. కరోనా రోజులు, ఇంట్లో టీవీ ముందు కూర్చుని అందరం భయపడ్డాం, గుర్తుండే ఉంటుంది. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అవి నీళ్ల ద్వారా వెళ్లాయా, కూరగాయల ద్వారా వెళ్లాయా అన్నది గట్టిగా తేలలేదు. నాకు ఇందులో భయం వేసే విషయం అదే. జరిగాక కూడా కారణం దొరకలేదంటే, జరగక ముందు రోజూ రాసి పెట్టుకోవాల్సిన లెక్కలు సరిగ్గా లేవనే కదా అర్థం? లాగ్స్ లేకుండా డీబగ్గింగ్ ఎవరు చేయగలరు?

'అందుకే కదా టిన్ను తాగుతున్నాం' అంటారు మీరు. సరే, టిన్ను సంగతీ చూద్దాం. ఆర్‌ఓ ప్లాంటులో మెంబ్రేన్ పాడవకుండా ముందే క్లోరిన్ తీసేస్తారు. అంటే టిన్నులో పడే నీళ్లకి ఇక కాపలా లేదు. ఆ టిన్నుని ఎలా కడిగారు, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు, లోపల చెయ్యి పెట్టారా, మూత మార్చారా, ఎవరికీ తెలియదు. సీల్ వేసిన బాటిల్ మీద కనీసం తేదీ, లైసెన్స్ నంబర్ ఉంటాయి. వీధి చివర ప్లాంటు టిన్ను మీద చాలాసార్లు ఫోన్ నంబర్ తప్ప ఏమీ ఉండదు. తర్వాత అది హాస్టల్‌లో కూలర్ మీదకి ఎక్కుతుంది. ఆ కూలర్ లోపల ఆఖరిసారి ఎప్పుడు కడిగారో మీ వార్డెన్‌ని అడగండి. నాకు తెలిసిన ఒక హాస్టల్‌లో ఆ ప్రశ్నకి వచ్చిన జవాబు, 'నీళ్లే కదమ్మా అందులో పోసేది, మురికెందుకు పడుతుంది?'

ఇంకో మాట. టిన్ను ఇరవై రూపాయలు, ఇంటికి రోజుకి ఒకటి అనుకుందాం. నెలకి ఆరు వందలు, ఏడాదికి ఏడు వేల రెండు వందలు. మనకి అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లే ఆవిడకి అది చాలా రోజుల కూలి. వాళ్లు కుళాయి నీళ్లే తాగుతారు, రంగు మారినప్పుడు గుడ్డ కట్టి వడగట్టుకుంటారు, లేదా పటిక వేస్తారు. పటిక వేస్తే మట్టి కిందికి దిగుతుంది, సూక్ష్మజీవులు చావవు. అంటే ఒకే ఊళ్లో రెండు రకాల నీళ్లు తయారయ్యాయి. గట్టిగా అడగగలిగిన వాళ్లు, కాగితం రాయగలిగిన వాళ్లు, ఆఫీసులో ఎవరో ఒకరు తెలిసిన వాళ్లు, అందరూ టిన్నుకి వెళ్లిపోయారు. కుళాయి దగ్గర మిగిలింది అడగలేని వాళ్లు. టిన్ను వల్ల జరిగిన అసలు నష్టం నా దృష్టిలో ఇదే.

మున్సిపాలిటీ వాళ్లు అసలేం చేయట్లేదు అని నేను అనను. ఎండాకాలంలో సగం ఎండిన చెరువుతో ఊరంతటికీ నీళ్లిచ్చే పని ఎంత కష్టమో ఆలోచిస్తే గౌరవమే కలుగుతుంది. పైపులు మార్చాలంటే కోట్లు కావాలి, రోడ్లు తవ్వాలి, తవ్వితే మళ్లీ మనమే తిడతాం. 'నువ్వు రేపట్నుంచి కుళాయి నీళ్లు తాగుతావా?' అని ఎవరైనా నన్ను అడిగితే, ఇవాళ్టికి మరిగించకుండా తాగను అనే చెబుతాను. నమ్మకం లేదు. నమ్మకం 'మా నీళ్లు సురక్షితం' అని గోడ మీద రాస్తే రాదు. చూపిస్తే వస్తుంది.

చూపించిన ఊరు ఒకటుంది. అదీ మనలాగే సముద్రం పక్క ఊరే, మెట్రో సిటీ కాదు. ఒడిశాలోని పూరీ. 2021 జులైలో అక్కడ ఇరవై నాలుగు గంటలూ, నేరుగా కుళాయి నుంచి తాగగలిగే నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. సుమారు రెండున్నర లక్షల మందికి, పైగా జగన్నాథుడి కోసం వచ్చే యాత్రికులకి. అక్కడ చేసిన పనుల్లో నాకు రెండు నచ్చాయి. ఒకటి, పైపులో ఎప్పుడూ నీళ్లుండేలా చూడటం. పైపు ఖాళీ కాకపోతే మురుగు లోపలికి రాదు, మనం పైన చెప్పుకున్న సమస్య మూలంలోనే పోతుంది. రెండు, జలసాథి అనే పేరుతో స్వయం సహాయక సంఘాల మహిళలు ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్ష చేయడం. ఇంటావిడ కళ్ల ముందే పరీక్ష చేస్తే, ఆ నీళ్లు తాగాలా వద్దా అనేది ఆవిడే తేల్చుకుంటుంది. మనకీ డ్వాక్రా సంఘాల పెద్ద నెట్‌వర్క్ ఉంది కదా? ఆ పని ఇక్కడ ఎందుకు కాదు?

ఇరవై నాలుగు గంటల నీళ్లు రేపే రావు, నాకు తెలుసు. డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది. కానీ పరీక్ష ఫలితాలు బయటపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. నా డిమాండ్ చిన్నది. వారానికి ఒకసారి, వార్డుకి రెండు చోట్ల, పైప్‌లైన్ చివర ఉన్న కుళాయిల దగ్గర క్లోరిన్ ఎంత, బ్యాక్టీరియా ఉందా లేదా, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, ఈ మూడూ పరీక్షించి తేదీతో సహా సచివాలయం గోడ మీద అంటించాలి. వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. కాలవలు కట్టేసిన రోజుల్లో చెరువులో ఇంకెన్ని రోజుల నీళ్లున్నాయో రాయాలి. ఏడాదికి రెండుసార్లయినా పురుగుమందులకి, సీసం లాంటి లోహాలకి పరీక్ష చేయించి ఆ కాగితం కూడా పెట్టాలి. ఫలితం బాగాలేని రోజు 'ఇవాళ మరిగించి తాగండి' అని చెప్పాలి. దానివల్ల పరువు పోదు. చెప్పకుండా జనం ఆస్పత్రికి వెళ్తేనే పోతుంది.

మరి మనమేం చేయాలి? మొదటిది, మన హాస్టల్‌తోనే మొదలుపెడదాం. క్లోరిన్ పరీక్ష కిట్ పెద్ద ఖరీదు కాదు. నీళ్లలో రెండు చుక్కలు వేసి రంగు చూడటమే. బ్యాక్టీరియాకి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు దొరుకుతాయి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీళ్లయితే నల్లబడతాయి. కూలర్, ట్యాంకు ఎప్పుడు కడిగారో తేదీ రాసిన కాగితం దాని మీదే అంటించమని అడుగుదాం. రెండోది, సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గత ఏడాది నీటి పరీక్షల ఫలితాలు ఇవ్వండి అని ఒక కాగితం రాస్తే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తెలుగులోనే రాయొచ్చు. స్కూల్లో అన్నీ ఇంగ్లీషులోనే చదివి, తెలుగులో ఉత్తరం రాయడానికి తడబడే నా లాంటి వాళ్లకి మన క్లబ్‌లో సీనియర్లు ఉన్నారు కదా, సాయం చేస్తారు. మూడోది, మన బ్రాంచ్ వాళ్లకి. ప్రతి సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ పేరుతో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేస్తూనే ఉంటాం. ఒక్కసారి వార్డుల వారీగా నీటి ఫలితాల మ్యాప్ చేద్దాం. సివిల్ వాళ్లకి ల్యాబ్ ఉంది, మనకి ల్యాప్‌టాప్ ఉంది, ఊరికి అవసరం ఉంది.

టిన్ను మానేయమని నేను ఎవరికీ చెప్పడం లేదు. ఇవాళ ఎవరి జాగ్రత్త వాళ్లు పడాల్సిందే. కానీ టిన్ను తాగుతూ కూడా కుళాయి గురించి అడగొచ్చు. ఈసారి ఎవరైనా గ్లాసులో మీటర్ ముంచి నంబర్ చూపిస్తే, నవ్వి ఊరుకోకుండా రెండు ప్రశ్నలు వేయండి. క్లోరిన్ ఎంత మిగిలింది? బ్యాక్టీరియా పరీక్ష ఎప్పుడు చేశారు? టిన్ను అమ్మే వాళ్లనీ అడగండి, వార్డెన్‌నీ అడగండి, వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చే వాళ్లనీ అడగండి. మనలో చాలామందికి అది మొదటి ఓటు.